కంప్యూటరు ఆపి కన్నుమూసిన ప్రావోతో

మనిషి నిప్పు రాజెయ్యడం నేర్చుకున్న రోజున నాగరికత మొదలైందని పెద్దలు రాస్తూ ఉంటారు. అది పొరపాటు. రాజేసిన నిప్పును పనయ్యాక ఆర్పాలా, అలా ఉంచెయ్యాలా అని ఒకే గుహలో ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకున్న రోజున అసలు నాగరికత మొదలైంది. ఆ తగాదా ఇంకా తేలలేదు. ప్రస్తుతం అది ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరంలో, కెబొన్ సావో అనే సందులో, ఒకే గోడను చెరోవైపు పంచుకున్న రెండిళ్ల మధ్య నడుస్తోంది. (నిప్పు స్థానంలో కంప్యూటరు వచ్చింది. గుహకు టైల్స్ వేశారు.)

గోడకు ఇటువైపు పెద్దవాడు ప్రావోతో. ఓడరేవులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. గదిలోంచి బయటికి వస్తూంటే ఆయన చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. ఆ గదిలో ఇంకా ఎవరైనా ఉన్నారా లేరా అన్నది చేతికి సంబంధించిన విషయం కాదు. ఆయన భార్య వార్సిని పెళ్లైన కొత్తలోనే చీకట్లో అన్నం తినడం నేర్చుకుంది. ఇక కంప్యూటరు దగ్గర ఆ చేతికి నిష్ఠ మరీ ఎక్కువ. పని కాగానే ముందు మెషీను ఆపుతుంది, తర్వాత గోడ స్విచ్చు ఆపుతుంది, తీగ పీకుతుంది, పైన బాటిక్ గుడ్డ కప్పి రెండు సార్లు జోకొడుతుంది.

గోడకు అటువైపు చిన్నవాడు గునాది. పెళ్లి చేసుకోలేదు, పిల్లిని పెంచుకున్నాడు. కంప్యూటరు వాడకం వల్ల పాడవదనీ, ఆపడం వల్లే పాడవుతుందనీ, ఒక్కసారి ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదనీ అతని సిద్ధాంతం. అందుకని కొన్ననాటి నుంచి దాన్ని ఆపిన పాపాన పోలేదు. పిల్లి దాని వెచ్చదనం మీదే పెరిగి పెద్దదైంది.

"మనిషికే పొద్దున్నే లేవాలంటే ప్రాణం మీదికొస్తుంది కదా అన్నయ్యా! యంత్రం మాత్రం ఏం పాపం చేసింది? మాటిమాటికీ పడుకోబెట్టి లేపితే దాని గుండె ఆగిపోదూ?" అని గునాది గోడ మీంచి తల పెట్టేవాడు.

"దానికి గుండె ఉందో లేదో గానీ నీకు మాత్రం బుర్ర లేదురా. ఎవరూ లేని గదిలో ఎవడి కోసంరా తిరుగుతోంది ఆ ఫ్యాను?"

"పిల్లి కోసం."

సందులో కంప్యూటర్లు ఉన్నవి ఈ రెండిళ్లలోనే. మిగతావాళ్లు ఫోన్లతో సరిపెట్టుకుంటూ అభిప్రాయాలు మాత్రం పుష్కలంగా పెంచుకున్నారు. ఆపే పక్షమనీ, ఆపని పక్షమనీ సందు నిలువునా చీలింది. వీధి పెద్ద కుస్ది ఏ పక్షం ఇంట్లో కాఫీ తాగుతుంటే ఆ పక్షం.

ఇంత చిన్న తగాదాను చూస్తూ ఊరుకుంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? అందుకని గృహ కంప్యూటర్ల విశ్రాంతి వ్యవహారాల మండలి అనేదొకటి వెలసింది. వాడకంలో లేని కంప్యూటర్లను పౌరులు ఆపుతున్నారా లేదా అని కనిపెట్టి ఉండడం దాని పవిత్ర కర్తవ్యం. (మండలి భవనంలో కంప్యూటర్లు ఎప్పుడూ ఆపరు. కనిపెట్టి ఉండాలి కదా.) మండలి ఒక యాప్ తయారు చేయించి దానికి 'సి లెలాప్' అని ముద్దుపేరు పెట్టింది. మన మాటల్లో చెప్పాలంటే 'నిద్రమొహం గాడు'. దీన్ని ప్రతి ఇంటి కంప్యూటరులోనూ ఎక్కించారు. మెషీను ఆపిన మరుక్షణం యజమాని పేరు పక్కన ఆ స్థితి దానంతటదే నమోదై మండలికి చేరుతుంది. పౌరుడికి శ్రమ లేదు.

స్థితులు రెండే. పనిచేస్తుంటే 'హిదుప్', ఆపేస్తే 'మాతి'. ఆ భాషలో దీపం వెలిగినా హిదుప్పే, మనిషి బతికున్నా హిదుప్పే. దీపం ఆరినా మాతియే, మనిషి కన్నుమూసినా మాతియే. ఇందులో వింతేమీ లేదు. మనకు మాత్రం కరెంటూ పోతుంది, మేనత్తా పోతుంది. ఏది పోయిందో సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం. అయితే సందర్భం అనేదాన్ని యాప్‌లో పెట్టడానికి మండలి దగ్గర వ్యవధి లేకపోయింది.

ప్రావోతో మురిసిపోయాడు. ఇన్నాళ్లకు తన చేతికి ప్రభుత్వ గుర్తింపు దొరికింది. రోజూ సాయంత్రం మెషీను ఆపేటప్పుడు తెర మీద "ప్రావోతో: మాతి. ధన్యవాదాలు" అని వచ్చేది. దాన్ని గోడ మీంచి తమ్ముడికి చదివి వినిపించి మరీ గుడ్డ కప్పేవాడు.

కొంతకాలం అందరూ సుఖంగా ఉన్నారు. ఆ తర్వాత మండలికి సమన్వయం చెయ్యాలన్న కోరిక పుట్టింది. ఏ కార్యాలయం దగ్గరున్న సమాచారం ఆ కార్యాలయం దగ్గరే పడి ఉండడం అప్రాచ్యమని ఒక సదస్సులో తేల్చి, సి లెలాప్ వివరాలను జనాభా వివరాలతో కలిపేశారు. పేరు పేరుతో కలిసింది. స్థితి స్థితితో కలిసింది. ఆ ఒక్క సాయంత్రంలో నగరంలోని పొదుపరులంతా తుడిచిపెట్టుకు పోయారు.

మర్నాడు పొద్దున ప్రావోతో వాకిట్లో తన గువ్వపిట్టకు గింజలు వేస్తుండగా, మనిషంత ఎత్తు పూల పలక ఒకటి వచ్చి గేటు ముందు దిగింది. 'మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాము' అని బంతిపూలతో రాసి ఉంది. కింద మండలి పేరుంది.

"పోయినాయన తాలూకు వాళ్లెవరండీ?" అన్నాడు పలక తెచ్చినవాడు.

ప్రావోతో చీటీ మీద పేరు చూసుకున్నాడు. "నేనే."

"తాలూకా?"

"కాదు బాబూ. పోయినాయన్ని."

తెచ్చినవాడు రసీదు ముందుకు చాపి, పెద్దలను పిలిచే మర్యాద పిలుపు తగిలించాడు. "ఎవరో ఒకరు సంతకం పెట్టండి బాపక్. బండిలో ఇంకా మూడు చావులున్నాయి."

ఈలోగా సందు గ్రూపులో సంతాపాలు వెల్లువెత్తాయి. కుస్ది నల్లటోపీ పెట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు బియ్యం, పంచదార పొట్లాలు పట్టుకుని దిగారు. ప్రావోతోయే అందరికీ చాపలు పరిచి టీ అందించాడు. తీరా ఆయన్ని చూశాక ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. "ఎలాగూ వచ్చాం కదా, ప్రార్థన చేసేసి పోదాం. ఎప్పటికైనా పనికొస్తుంది" అని కుస్ది మధ్యేమార్గం చెప్పాడు. చేసేశారు. ప్రావోతో కూడా కూర్చుని తన ఆత్మశాంతి కోసం ఆమీన్ అన్నాడు.

"మీరు పోయిన సంగతి ఊరందరికీ చెప్పి నాకొక్కదానికే చెప్పలేదన్నమాట" అంది వార్సిని, పంచదార పొట్లాలు లోపలికి మోస్తూ. "పోనీ, అమ్మాయి పెళ్లిలో టీలకు సరిపోతుంది."

గోడ మీద గునాది తల లేచింది. "చెప్పానా అన్నయ్యా, ఆపితే మళ్లీ లేవదని! నేను కంప్యూటరు గురించి అన్నాననుకో."

అందరితో పాటు ప్రావోతో కూడా నవ్వాడు. కూతురు లారాస్ ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చాక ఇక నవ్వలేదు.

ఆ వచ్చే శుక్రవారమే లారాస్ పెళ్లి. పెళ్లిలో తండ్రి వరుడి చెయ్యి పట్టుకుని "నా కూతురిని నీకిచ్చి పెళ్లి చేస్తున్నాను" అని ఒక్క వాక్యం చెప్పాలి. వరుడు ఊపిరి తిప్పుకోకుండా "స్వీకరిస్తున్నాను" అనాలి. సాక్షులు "చెల్లింది" అనాలి. అంతే పెళ్లి. తండ్రి లేకపోతే, అన్నదమ్ములూ లేకపోతే, ఆ వాక్యం చెప్పే హక్కు చిన్నాన్నది.

"నాన్నా, పెళ్లిళ్ల ఆఫీసు నుంచి మెసేజ్" అంది లారాస్. "నీ పేరు తీసేసి బాబాయి పేరు వేశారు."

ప్రావోతో టీ కప్పు చాప మీద పెట్టేశాడు. లారాస్‌ను తొలిసారి ఎత్తుకున్న రోజు నుంచీ ఆయన ఆ వాక్యాన్ని మనసులో చెప్పుకుంటూనే ఉన్నాడు. స్నానం చేస్తూ చెప్పుకునేవాడు, రేవులో ఓడలు చూస్తూ చెప్పుకునేవాడు. జీవితంలో ఆయనకు ఉపన్యాసాలు ఇచ్చే అవకాశాలు రాలేదు. ఉన్నది ఆ ఒక్క వాక్యమే. అది ఇప్పుడు తమ్ముడి నోట వినాలి.

మండలి కార్యాలయంలో ఆ రోజు చాలామంది దివంగతులు టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏసీ బాగా పనిచేస్తోంది. ప్రావోతో వంతు వచ్చేసరికి, హెర్లినా అనే అధికారిణి లేచి నిలబడి రెండు చేతులతో ఆయన చెయ్యి అందుకుంది. మర్యాదలో ఆ మండలికి వంక పెట్టడానికి లేదు.

"మా సంతాపం, బాపక్. పూలు అందాయా?"

"అందాయమ్మా. కానీ నేను బతికే ఉన్నాను."

"కనిపిస్తూనే ఉంది. కనిపించడం మా విభాగం కాదు." ఆమె తెర చూసింది. "మీరు బతికున్నట్టు దరఖాస్తు పెట్టుకోవాలి. అది మీ పేర నమోదైన కంప్యూటరు నుంచే రావాలి, వేరే దాన్నుంచి కుదరదు. అయితే మీరు పోయారు కాబట్టి మీ ఖాతా మూసేశాం. వారసులెవరైనా తెరవాలి. ఇబుగారు ఉన్నారా?"

"మా ఆవిడా? ఇంట్లో ఉంది."

"అదృష్టవంతులు. చాలామంది ఇళ్లలో ఆవిడ పేరు కూడా అదే కంప్యూటరు మీద ఉంది, ఇద్దరూ పోయారు." హెర్లినా గొంతు తగ్గించింది. "ఒకటే షరతు బాపక్. ఒకసారి పోయి వచ్చినవాళ్లు కొన్నాళ్లు పరిశీలనలో ఉంటారు. మీ కంప్యూటరు హిదుప్‌లోనే ఉండాలి. ఆపకూడదు."

"వాడకపోయినా?"

"వాడకపోయినా."

"పొరపాటున ఆగితే?"

"వెంటనే మళ్లీ పెట్టండి, బతుకుతారు. అది పూర్తిగా లేచి తెర వెలిగేదాకా మాత్రం మీరు లేనట్టే."

"అమ్మా, ఆపమనే కదా మీ మండలి పెట్టింది?"

"అవును బాపక్. ఆ విషయంలో మీ సేవలు మేం మర్చిపోలేం."

వార్సిని ఆ సాయంత్రమే విధవరాలి హోదాలో కంప్యూటరు ముందు కూర్చుని మొగుణ్ని బతికించింది. ("సంబంధం: భార్య. మృతుడు తిరిగి రావడం మీకు సమ్మతమేనా?" అని యాప్ అడిగింది. ఆవిడ కొంచెంసేపు ఆలోచించడం ప్రావోతో చూశాడు.) ఆ తర్వాత ఆ ఇంట్లో కంప్యూటరు ఆగలేదు. ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది. ప్రావోతోకు అన్నం సహించలేదు. ఖాళీ కుర్చీ ముందు తెర వెలుగుతుంటే ఆయన చెయ్యి దురద పెట్టేది. ఆ చేతిని మరో చేత్తో పట్టుకుని వరండాలో తిరిగేవాడు. సందులోవాళ్లు గేటు దగ్గర ఆగి "ఎలా ఉంది? వేడి ఏమైనా తగ్గిందా?" అని మెషీను బాగోగులు అడిగి పోయేవారు. వార్సిని విసనకర్రతో దానికి విసిరేది.

వీటన్నిటికంటే ఆయన్ని కుళ్లబొడిచింది వేరే ఉంది. ఒకరోజు సాయంత్రం గోడ అవతలి నుంచి చిన్న గొంతుతో మాటలు వినబడ్డాయి. "నా అన్న కూతురిని నీకిచ్చి పెళ్లి చేస్తున్నాను... నా అన్న కూతురు లారాస్‌ని..." గునాది పిల్లికి పెళ్లి చేస్తున్నట్టు సాధన చేస్తున్నాడు.

"ఒరేయ్!" అని ప్రావోతో గోడ గుద్దాడు. "నేనింకా చావలేదురా!"

"ఊరికే అన్నయ్యా! ఎందుకైనా మంచిదని. నీ మెషీను పాతది, నీ చెయ్యి అసలే మంచిది కాదు."

శుక్రవారం వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు. వంటింట్లో వీధి ఆడవాళ్లంతా చేరి లుంపియాలనే కూర చుట్టలు చుడుతున్నారు. వరుడు అరిఫిన్ మల్లెదండ మెడలో వేసుకుని, ఊపిరి బిగబట్టడం అభ్యాసం చేస్తూ చాప మీద కూర్చున్నాడు. పెళ్లి జరిపించే అధికారి జైనూరి ట్యాబ్‌ను చిన్న బల్ల మీద నిలబెట్టి వేలితో తెర తుడిచాడు. "తండ్రి ప్రావోతో: హిదుప్. బాగుంది. పిలవండి" అన్నాడు.

ప్రావోతో అప్పుడు కంప్యూటరు గదిలో ఒంటరిగా ఉన్నాడు. కొత్త తలపాగా సర్దుకుని, ఆ వాక్యాన్ని చివరిసారి చెప్పుకున్నాడు. తడబడలేదు. కళ్లు తుడుచుకుని, గదిలో ఎవరూ లేరు కాబట్టి తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాడు. (పాఠకులకు ఆయన చెయ్యి గుర్తుండే ఉంటుంది.)

ఆయన వచ్చి కూర్చుని, అరిఫిన్ చెయ్యి పట్టుకుని, నోరు తెరిచాడు. బల్ల మీద ట్యాబ్ టింగుమంది. జైనూరి దాన్ని చూసి, కళ్లు మూసుకుని, చావు కబురు విన్నప్పుడు అనే "ఇన్నాలిల్లాహి" అన్నాడు.

"అయ్యో, ఎవరండీ?" అన్నాడు ప్రావోతో.

"మీరే, బాపక్."

ప్రావోతో తన కుడిచేతిని చూసుకున్నాడు. అది అరిఫిన్ చేతిలో ఏమీ ఎరగనట్టు ఉంది. గునాది అప్పటికే లోపలికి పరిగెత్తి మెషీను పెట్టేశాడు. అది మూలుగుతూ లేచింది. ఇన్నాళ్లూ ఆగకుండా నడిచినందువల్ల లోపల పోగేసుకున్న మార్పులూ చేర్పులూ అన్నీ దానికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నీలం తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. 'కొత్త మార్పులు ఎక్కుతున్నాయి. రెండు శాతం అయింది. దయచేసి ఆపకండి.'

"ఆపొద్దంట" అని గునాది గుమ్మంలోంచి అరిచాడు. పెళ్లి పెళ్లంతా లేచి వెళ్లి ఆ చక్రం ముందు నిలబడింది.

చాలాసేపటికి మూడు శాతం అయింది. జైనూరి గడియారం చూసుకున్నాడు. "చూడండి, ధర్మం ప్రకారం మీరు నిక్షేపంగా ఉన్నారు. నాకు అందులో అనుమానం లేదు. కానీ పెళ్లిపుస్తకం అచ్చు కావాలంటే ఇది ఒప్పుకోవాలి. నాకు ఇంకో పెళ్లి ఉంది. చిన్నాన్నగారు ఉన్నారుగా? హిదుప్. కానిచ్చేద్దాం."

"మా నాన్న నా ఎదురుగా చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే ఆయన లేడంటారేంటండీ?" అంది లారాస్. కాటుక చెంపల మీదికి కారింది. "నేను ఆగుతాను."

"నువ్వు ఆగుతావమ్మా. రూలు ఆగదు."

అందరి కళ్లూ గునాది వైపు తిరిగాయి. గునాది టోపీ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, అన్న మొహం చూశాడు. ప్రావోతో తల వంచుకుని చేతిని వీపు వెనక దాచుకున్నాడు. గునాది చెప్పులేసుకుని గోడ అవతలికి వెళ్లిపోయాడు. మంచి చొక్కా వేసుకోవడానికి వెళ్లాడని అందరూ అనుకున్నారు.

ట్యాబ్ టింగుమంది. "ఇన్నాలిల్లాహి" అన్నాడు జైనూరి. "ఇదేమిటి, వరసగా?"

గునాది పిల్లిని చంకనెత్తుకుని తిరిగొచ్చాడు. చొక్కా పాతదే.

"ఆపేశావట్రా?" అన్నాడు ప్రావోతో. "నువ్వా?"

"ఎవరూ లేని గదిలో ఎవడి కోసం తిరగాలి అన్నయ్యా ఆ ఫ్యాను?"

జైనూరి తల పట్టుకున్నాడు. హక్కుదారులెవరూ బతికి లేకపోతే పిల్లకు ప్రభుత్వమే పెద్దదిక్కు. దానికి పైఆఫీసు నుంచి ఉత్తర్వు రావాలి. పైఆఫీసు సోమవారం దాకా తెరవరు. ఎటు తిరిగినా ఆయనకు మిగిలిన దారి ఆ చక్రాన్ని చూడడమే. వార్సిని ఆయన చేతిలో లుంపియాల పళ్లెం పెట్టింది. పళ్లెం ఖాళీ అయ్యేసరికి చక్రం ఆగి, తెర వెలిగి, ట్యాబ్ మోగింది.

"అల్హందులిల్లా, లేచారు!" అన్నాడు జైనూరి. "కూర్చోండి బాపక్, ఆ చెయ్యి ఇటివ్వండి. దాన్ని ఎవరైనా గట్టిగా పట్టుకోండి."

అరిఫిన్ పట్టుకున్నాడు. ప్రావోతో ఆ వాక్యం చెప్పాడు. ఒక్క మాటా తప్పిపోలేదు. అరిఫిన్ ఒక్క ఊపిరిలో అందుకున్నాడు. "చెల్లింది! చెల్లింది!" అని సాక్షులు అరిచారు. అందరికంటే ముందు అరిచినవాడు గునాది. (పోయినవాడి సాక్ష్యం లెక్కలోకి తీసుకోలేదు.)

భోజనాలయ్యాక గునాది ఇంటికి వెళ్లి మెషీను పెట్టాడు. అది లేవలేదు. ఎన్నిసార్లు నొక్కినా, విప్పి దులిపినా, బతిమాలినా ఉలుకూ పలుకూ లేదు. గునాది మొహం వెలిగిపోయింది. గోడ మీంచి తల పెట్టి "చెప్పానా అన్నయ్యా!" అన్నాడు. ఆ రోజుతో తగాదా తన పక్షాన తేలిపోయిందని అతను ప్రకటించుకున్నాడు. బతికున్నట్టు దరఖాస్తు మాత్రం అదే కంప్యూటరు నుంచి రావాలి కాబట్టి, గునాది పోయినవాడిగానే ఉండిపోయాడు. దానివల్ల పెద్ద ఇబ్బందేమీ లేదట. కరెంటు బిల్లు మాత్రం ఇప్పటికీ అతను బతికే ఉన్నాడని నమ్ముతోంది.

గోడకు అటువైపు ఇప్పుడు ఏదీ వెలగదు. ఇటువైపు ఏదీ ఆపరు. పిల్లి ఇటువైపుకు మారిపోయింది. ప్రావోతో దాన్ని తరిమెయ్యడు. "ఉండనీ, ఎవరో ఒకరు ఆ గదిలో ఉంటే నా చేతికి బుద్ధి ఉంటుంది" అంటాడు.

ఏడాది చివర మండలి ఉత్తమ పొదుపరులకు సన్మానం చేసింది. కన్నుమూసిన క్షణం నుంచీ కంప్యూటరును ఒక్కసారి కూడా వాడని కీర్తిశేషులు గునాదికి ప్రథమ బహుమతి వచ్చింది. ఆయన తరఫున అన్నగారు వేదికెక్కి ప్రశంసాపత్రం అందుకున్నారు. మూడో వరుసలో కూర్చుని గునాది అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. హెర్లినా మైకు అందుకుని ఇలా ముగించింది:

"ఈ ఏటి విజేతలందరూ పోయినవాళ్లే కావడం మా మండలికి గర్వకారణం. బతికున్నవాళ్ల నుంచి మాకు ఇంత సహకారం ఏనాడూ అందలేదు."